తెలిసే రాస్తున్నాం

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవారిలో ఎక్కువమంది ఫ్యామిలీ డాక్టర్లే. జలుబు వైరస్ వల్ల వస్తుందని, వైరస్ మీద యాంటీబయోటిక్ పనిచేయదని మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా జలుబుకు యాంటీబయోటిక్ రాస్తున్నాం. తెలియక ఎవరూ రాయడం లేదు, తెలిసే రాస్తున్నాం. ఎందుకన్నదే నా ప్రశ్న.

సాయంత్రం క్లినిక్ ముగిసే వేళ ఒకాయన వస్తాడు. ఐదు రోజులుగా దగ్గు, కఫం పచ్చగా పడుతోంది. "కాస్త గట్టి మందు రాయండి డాక్టర్ గారూ" అంటాడు. జ్వరం లేదు, ఆయాసం లేదు, స్టెతస్కోపు పెడితే ఛాతీలో తేడా ఏమీ లేదు. బయట ఇంకా మనుషులు కూర్చుని ఉన్నారు. విడమరిచి చెప్పాలంటే ఐదు నిమిషాలు, చీటీకి అర నిమిషం. అమెరికాలో 2014లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఇలాంటి దగ్గు జలుబులకు యాంటీబయోటిక్ రాయడం క్లినిక్ మొదటి గంటలో కంటే తర్వాతి గంటల్లో పెరుగుతూ పోయింది. మన ఓపిక ఎటు పోతుందో దాన్నిబట్టే తెలుస్తోంది.

పచ్చ రంగు చూసి మనమూ తడబడతాం. అది తెల్ల రక్తకణాల్లోని ఎంజైమ్ రంగు, వైరస్ జలుబులోనూ వస్తుంది.

ఆయనకు నిజంగా కావలసింది మాత్రేనా? నాకైతే అనుమానమే. ఇది ఎన్నాళ్లుంటుంది, ప్రమాదమేమీ లేదు కదా అన్నదే ఆయన బెంగ. మామూలు దగ్గు వారంలో పోవాలని జనం అనుకుంటారు. పరిశోధనలన్నీ కలిపి చూస్తే అది సగటున 18 రోజులు ఉంటుంది. ఈ మాట మనం చెప్పకపోతే, ఎనిమిదో రోజున ఆయన ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తాడు. అక్కడ యాంటీబయోటిక్ రాస్తారు. ఎటూ తగ్గే రోజులు దగ్గరపడ్డాయి కాబట్టి దగ్గు తగ్గుతుంది, పేరు మాత్రకు వస్తుంది. మరుసటి ఏడాది ఆ మందును పేరుపెట్టి మరీ అడుగుతాడు.

గొంతు నొప్పి మీద ఇంగ్లాండులో చేసి 1997లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో దీన్ని చూశారు. కొందరికి వెంటనే మందిచ్చారు, కొందరికి ఇవ్వలేదు, మిగిలినవారికి మూడు రోజులాగి తగ్గకపోతే తీసుకోమన్నారు. ఆగమన్నవారిలో మందు వాడినవారు 31 శాతమే. మూడో రోజుకు కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా నమ్మకంలో వచ్చింది: వెంటనే మందు అందుకున్నవారిలోనే దాని మీద గురి ఎక్కువగా కనిపించింది. ఆ గురి మన చీటీ పెంచిందే.

అలాగని పట్టుదలకు పోయి ఎవరికీ రాయకుండా ఉండమనడం లేదు. జ్వరం, టాన్సిల్స్ మీద చీము, మెడలో నొక్కితే నొప్పిపెట్టే గడ్డలు ఉండి, దగ్గు లేకపోతే బాక్టీరియాను అనుమానించాలి, పరీక్ష చేయించాలి. మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరమొస్తే ఆగిచూడ్డమనే మాటే లేదు.

యాంటీబయోటిక్ వాడిన మనిషి ఒంట్లోనే దానికి లొంగని బాక్టీరియా ఏడాది దాకా ఉండిపోవచ్చు. లోకంలో మందులకు లొంగని బాక్టీరియా సంగతి కంటే, తన ఒంటి గురించిన ఈ మాటే రోగి చెవికెక్కుతుంది. కాబట్టి ఆ సాయంత్రం ఆయనతో నేననేది ఇది: "ఊపిరితిత్తులు బాగున్నాయి. దగ్గు మూడు వారాలు పట్టొచ్చు. ఆయాసం వచ్చినా, కఫంలో రక్తం పడినా, జ్వరం మొదలైనా ఆ రోజే రండి." ఇదంతా చీటీ మీద రాసిస్తాను. కొందరు ఇంకో క్లినిక్‌కి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.