గెలవలేని ఫైట్ పెడుతున్నారా? ముందు పారిపోయే దారి వేయండి

[స్క్రీన్ మీద: పెన్సిల్‌తో నింపిన క్యారెక్టర్ షీట్. హెచ్‌పీ గడిలో 28.]

నమస్తే. ఇవాళ డంజన్స్ అండ్ డ్రాగన్స్ గురించి. టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక పాత్రగా మాటలతో, డైస్‌తో ఆడే కథల ఆట అది. ఈ గడి ఒకసారి దగ్గర్నుంచి చూడండి. చెరిపి చెరిపి రాయడం వల్ల కాగితం ఇక్కడ గరుగ్గా అయిపోయింది. 28 అనేది మూడో లెవెల్ ఫైటర్ హెచ్‌పీ. ఆ యోధుడు ఎంత డ్యామేజ్ తట్టుకోగలడో చెప్పే అంకె. నా టేబుల్ మీద ఆ ఫైటర్ ఒక్క దెబ్బకి చనిపోయాడు. తప్పు ఆడినవాడిది కాదు, డీఎమ్‌గా, అంటే కథ నడిపేవాడిగా, నాది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 రూల్స్ ప్రకారం అడల్ట్ రెడ్ డ్రాగన్ ఒక్కసారి నిప్పు కక్కితే సగటున 63 డ్యామేజ్. అందులో 28 పోతే ఇంకా 35 మిగిలింది. మిగిలిన డ్యామేజ్ మన మొత్తం హెచ్‌పీకి సమానమైనా, దాటినా డెత్ సేవ్‌లు, అంటే బతకడానికి వేసే డైస్ కూడా ఉండవు, అక్కడికక్కడే ప్రాణం పోతుంది. దెబ్బ తప్పించుకోవడానికి వేసే డైస్, అదే సేవింగ్ త్రో, పాసైతే సగం, అంటే 31. అప్పుడూ కింద పడాల్సిందే.

నేను ఆ డ్రాగన్‌ని ఫైట్ కోసం పెట్టలేదు. చూసి భయపడతారు, దాక్కుంటారు అనుకున్నాను. కొండంత రెక్కలు, గుహ దద్దరిల్లే అరుపు అని మనసు పెట్టి వర్ణించాను. కానీ ముందు వారం ఓగర్ అనే రాక్షస జీవిని కూడా అలాగే వర్ణించాను, దాన్ని వీళ్ళు రెండు రౌండ్లలో పడగొట్టేశారు. పైగా మ్యాప్ పరిచి, మధ్యలో డ్రాగన్ బొమ్మ పెట్టాను. టేబుల్ మీద మ్యాప్ కనిపించిందంటే ప్లేయర్లకి ఫైట్ మొదలైనట్టే. "ఇనిషియేటివ్ వేయమంటావా అన్నా?" అన్నాడు ఫైటర్‌ని ఆడేవాడు. ఫైట్‌లో ముందు ఎవరి వంతో తేల్చే డైస్ అది. వేయమన్నాను.

"మా ప్లేయర్లు చచ్చినా పారిపోరు" అని చాలామంది డీఎమ్‌లు అంటుంటారు. ఎలా పారిపోతారు చెప్పండి! మనిషి స్పీడ్ రౌండ్‌కి 30 అడుగులు, డ్యాష్ చేస్తే, అంటే కొట్టకుండా పరుగే పెడితే, 60. ఆ డ్రాగన్ ఎగిరితే 80, డ్యాష్ చేస్తే 160. దాని పక్కనుంచి మామూలుగా కదిలితే వెనక నుంచి ఆపర్చునిటీ అటాక్, అంటే అదనంగా ఒక దెబ్బ. ముందు ఒకడు పరిగెత్తాడంటే మిగతావాళ్ళని వదిలేసినట్టు. ఈ లెక్క తెలిసినవాడు నిలబడి కొట్టడమే నయం అనుకుంటాడు. అది పొగరు కాదు. దారి మనం ఇవ్వలేదు, అంతే.

ఈ దారి కోసం ఇప్పటికే బుర్రపెట్టినవాళ్ళు ఉన్నారు. 2013లో వచ్చిన థర్టీన్త్ ఏజ్ అనే గేమ్‌లో నాకు చాలా ఇష్టమైన రూల్ ఒకటుంది. తన టర్న్‌లో ఏ ప్లేయరైనా "పారిపోదాం" అనొచ్చు. అందరూ సరే అంటే పడిపోయినవాళ్ళని కూడా మోసుకుని తప్పించుకుంటారు. డైస్ వేయక్కర్లేదు. బదులుగా కథలో ఏదో ఒకటి పోతుంది. కాపాడాల్సిన ఊరు కాలిపోవచ్చు, శత్రువు ఒక అడుగు ముందుకెళ్ళొచ్చు. ఏ గేమ్ ఆడుతున్నా సరే, ఈ రూల్ తెచ్చి పెట్టుకోండి. పెట్టుకున్నామని మొదటి సెషన్‌లోనే ప్లేయర్లకి చెప్పండి. దారి ఉందని తెలియకపోతే ఎవరూ వెతకరు.

ఇంకా పాత పద్ధతి ఒకటుంది. 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ రూల్స్‌లో, తరుముతున్నది తెలివిలేని జంతువైతే తిండి పడేయొచ్చు, తెలివైనదైతే డబ్బూ నగలూ పడేయొచ్చు. సగం సార్లు అది ఆగిపోతుంది. రెడ్ డ్రాగన్‌కి బంగారం చూపిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక, ప్రమాదం ఎంతుందో తెలిసేలా చెప్పడం. విశేషణాలు పనిచేయవు. ప్లేయర్లకి ముందే తెలిసిన కొలత వాడండి. పోయిన వారం మీ ఫైటర్‌ని కర్రసాములో ఓడించిన కాపలా నాయకుడు ఉన్నాడు కదా, అతను వాళ్ళ కళ్ళముందే ఒక్క దెబ్బకి పోవాలి. అప్పటికీ అర్థం కాకపోతే ఆట ఆపి నేరుగా చెప్పండి: "మీ క్యారెక్టర్లకి ఈ సంగతి తెలుసు. దీని ఊపిరికి మీలో ఎవరూ నిలబడరు." కొందరు దీన్ని చీటింగ్ అంటారు. నాకలా అనిపించదు. ప్లేయర్‌కి మన మాటలు తప్ప వేరే కళ్ళు లేవు.

శత్రువుకి ఏం కావాలో కూడా ముందే అనుకోండి. 2014లో వచ్చిన హోర్డ్ ఆఫ్ ద డ్రాగన్ క్వీన్ అనే ముందే రాసిన అడ్వెంచర్ కథ మొదటి భాగంలోనే, మొదటి లెవెల్ పార్టీ, అంటే ప్లేయర్ల జట్టు, ఎదుట గ్రీనెస్ట్ అనే ఊరి మీద అడల్ట్ బ్లూ డ్రాగన్ విరుచుకుపడుతుంది. దానికి 225 హెచ్‌పీ. చంపడం జరిగే పని కాదు. కానీ దానికి ఈ దాడి మీద మనసు లేదు, కాస్త గట్టి దెబ్బ తగిలితే వెళ్ళిపోతుంది. తరిమేస్తే చాలు, మొదటి లెవెల్ వాళ్ళు గెలిచినట్టే. అలాగే వంతెన దగ్గర మూడు రౌండ్లు నిలబడితే ఊరి జనం దాటిపోతారని చెప్పండి, ఓడిపోయే ఫైట్‌లో కూడా ప్లేయర్లకి చేయడానికి పని దొరుకుతుంది.

[స్క్రీన్ మీద: అదే షీట్. పైన కొత్త పేరు, హెచ్‌పీ గడిలో 26.]

రెండు నెలల తర్వాత అదే గుహ, అదే డ్రాగన్, కొత్త క్యారెక్టర్లు. ఈసారి మ్యాప్ తీయలేదు. గుహ మూతి దగ్గర కరిగి రాతికి అతుక్కుపోయిన డాలు ఒకటి చూపించాను. అది మొదటి పార్టీ ఫైటర్‌ది. టేబుల్ దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ ఫైటర్‌ని ఆడినవాడే అన్నాడు, "అన్నా, వెండి సంచి ఇక్కడే వదిలేసి వెళ్ళిపోతున్నాం." మూడు వందల వెండి నాణేలు పోయాయి. నలుగురూ బతికారు. ఆ రాత్రి ఆట అయిపోయాక కూడా గంటసేపు కదల్లేదు, నిప్పు తగలకుండా ఏ మందు దొరుకుతుంది, ఎక్కడ దొరుకుతుంది అని ఒకటే చర్చ.