మాచిపత్రి అనుకుని మా అమ్మ కోసుకొచ్చిన మొక్క

నమస్కారం. విజయవాడలో బందరు కాలువ గట్టు మీద నిలబడి మాట్లాడుతున్నాను. వినాయక చవితి దగ్గర పడింది కదా, మొన్న మా అమ్మ ఇక్కడికే పత్రి కోసం వచ్చి, ‘మాచిపత్రి బోలెడు దొరికిందిరా’ అంటూ సంచీ నిండా కోసుకొచ్చింది. నా కుడిచేతిలో ఉన్నది ఆ సంచీలోని రెమ్మ. ఎడమచేతిలో ఉన్నది బజారులో కొన్న అసలు మాచిపత్రి. రెండు ఆకులూ చీలికలు చీలికలుగానే ఉన్నాయి. అమ్మను తప్పుపట్టలేం.

అమ్మ తెచ్చింది వయ్యారిభామ. పార్థీనియం అన్నా, కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే. నిజానికి ఇది గడ్డి కానే కాదు, చామంతి కుటుంబం. మాచిపత్రిదీ అదే కుటుంబం కాబట్టే ఈ పోలిక. తేడా వాసనలో ఉంది. మాచిపత్రిని ముట్టుకుంటే చాలు, వేళ్లకు పరిమళం అంటుకుంటుంది. వయ్యారిభామను నలిపి చూడకండి, చెబుతాను ఎందుకో.

లేత మొక్క ఆకులు నేలకు అతుక్కుని, క్యారెట్ ఆకులా పరుచుకుంటాయి. తర్వాత నిలువు గాడులతో కాండం లేచి, కొమ్మలు వేసి, తెల్లగా పూస్తుంది. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. మిరియపు గింజంత పువ్వు. అది ఒక పువ్వు కాదు, చిన్న చిన్న పూల గుత్తి. అంచున బుల్లి రేకులున్న ఐదు మాత్రమే గింజ కడతాయి. ఐదేనా అని తేలిగ్గా తీసుకోకండి. ఏపుగా పెరిగిన ఒక్క మొక్క 15,000 గింజలు రాల్చగలదు. మొలిచిన నెలకే పూత మొదలవుతుంది.

దీని పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలం. అమెరికా గోధుమలతో కలిసి దిగిందని చెబుతారు. 1950లలో పుణెలో కంటపడింది, ఆ తర్వాత దేశమంతా పాకింది.

‘నాకేమీ కాలేదుగా’ అంటుంది అమ్మ. చిక్కంతా అక్కడే ఉంది. ఇందులోని పార్థెనిన్ అనే పదార్థం తొలిసారే దురద పెట్టించాలని లేదు. మళ్లీ మళ్లీ తగిలాక కొందరి ఒంటికి అది శత్రువుగా గుర్తుండిపోతుంది. ఆ తర్వాత కాస్త తగిలినా దద్దుర్లే. పుప్పొడితో తుమ్ములు, ఆయాసం వేరే.

పుప్పొడి చేసే పని ఇంకొకటి ఉంది. 2000లో అనంతపురం జిల్లా వేరుశనగను కాండం కుళ్లు వైరస్ మాడ్చేసింది. ఆ వైరస్ పైకి ఆరోగ్యంగా కనిపించే వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది, తామర పురుగులనే బుల్లి కీటకాలు దాన్ని మోసుకెళ్తాయి. గుంటూరు వైపు పత్తి రైతులకైతే, పంట లేని రోజుల్లో, పత్తి రసం పీల్చే పిండినల్లి పురుగుకు ఆశ్రయమిచ్చేది కూడా ఇదే.

పీకాలంటే పూతకు ముందే, వాన పడి నేల మెత్తబడ్డాక, చేతులకు తొడుగులు వేసుకుని వేరుతో సహా లాగండి. పైపైన కోస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. మెక్సికో నుంచి తెచ్చిన పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో అది ఆకులు బాగానే తింటుంది, కానీ మిగతా కాలంలో పని మనదే.

అమ్మ సంచీలో రెండు రెమ్మలకు పూత ఉంది. అందుకే ఎరువు గుంటలో వేయకుండా మూట కట్టి పక్కన పెట్టాను. పూజకు బజారు మాచిపత్రే. ‘ఇరవై రూపాయలు దండగ’ అని అమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది.