34వ భాగం: మాధవి బల్ల మీద ఏమున్నాయి?

మాధవి: రికార్డింగ్ ఎర్ర దీపం వెలిగింది. మొదలుపెడదామా?

శేఖర్: పోయినసారి కూడా వెలిగింది.

మాధవి: ఆ సంగతి ఎత్తనని మాట ఇచ్చారు మీరు. అందరికీ నమస్కారం. మీరు చాలా రోజులుగా అడుగుతున్న భాగం ఇది. ఫ్రీలాన్స్ డిజైనర్‌గా ఇప్పుడు నా చేతిలో ఏ పనులున్నాయి, ఆలోచనలు ఎక్కడి నుంచి వస్తాయి, అదీ విషయం. పక్కన శేఖర్ గారున్నారు. ఆయన పక్కన స్టీలు గ్లాసు, చెంచా ఉన్నాయి. ఆయన నోట 'అరసున్న' అన్న మాట వచ్చినప్పుడల్లా ఆ గ్లాసు మోగుతుంది.

శేఖర్: ఈసారి గ్లాసుతో పని పడదు.

మాధవి: చూద్దాం. మొత్తం మూడు పనులు. ఒకటి, కథల సంపుటికి ముఖచిత్రం. రచయిత్రి మొదట బావి గీయమన్నారు. తర్వాత తలుపు అన్నారు. నిన్న ఫోను చేసి, బావిలో తలుపు ఉంటే ఎలా ఉంటుందని అడిగారు.

శేఖర్: అడ్వాన్సు ఇచ్చారా?

మాధవి: సగం ఇచ్చారు.

శేఖర్: అయితే బావి గీయి. మిగతా సగం వచ్చాక తలుపు సంగతి.

మాధవి: రెండోది పచ్చళ్ల సీసాలకు లేబుళ్లు. మూడోది ఎవరూ డబ్బులివ్వని పని. ఊళ్లలో చేత్తో రాసిన దుకాణం బోర్డులకు ఫొటోలు తీస్తున్నాను. దాని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే...

శేఖర్: ఆగు. ఆ పుస్తకం కింద ఉన్నది లేబులేనా? ఇలా ఇవ్వు.

మాధవి: ఇంకా ఖాయం కాలేదండీ.

శేఖర్: ఇవ్వమ్మా. [కాగితం చప్పుడు] ఏ పచ్చడి ఇది?

మాధవి: బెల్లం ఆవకాయ.

శేఖర్: బెల్లమా? నాకు 'బెలం' అని కనిపిస్తోంది.

మాధవి: ఒత్తు ఉంది, కింద చూడండి.

శేఖర్: ఇదా? చీమ అనుకున్నాను. బెల్లం కదా, పట్టిందేమోనని.

మాధవి: [నవ్వు] సరే, ఇందుకే దాచాను. నా మాట వినండి. అది 300 గ్రాముల సీసా. లేబుల్ నా అరచేయంత. అందులో నికర బరువు రాయాలి, ధర రాయాలి, తయారీ తేదీ, ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, 14 అంకెల లైసెన్సు నంబరు. ఇవేవీ తీసేయడానికి లేదు. పచ్చళ్లాయన చూసి, కింద వేలాడుతున్నది కాస్త చిన్నది చేయండి అన్నారు.

శేఖర్: వేలాడుతున్నదా! అది అక్షరం. బెల్లంలో సగం బరువు దానిదే.

మాధవి: నాకు తెలుసు.

శేఖర్: తెలిసే చేశావు. తెలియనివాడికైతే చెప్పవచ్చు. పైన ఇంగ్లీషులో 'జాగరీ' అని ఎంత లావుగా వేశావో చూడు. అందులో రెండు 'జీ'లు, చివర ఒక 'వై'. మూడింటికీ తోకలు కిందికే ఉన్నాయి. వాటిని వేలాడుతున్నాయని ఎవరైనా అన్నారా?

మాధవి: అనలేదు.

శేఖర్: ఎందుకనలేదు?

మాధవి: వాళ్ల కన్ను వాటికి అలవాటు పడింది. నాదీ పడింది, ఒప్పుకుంటాను. ముందు ఇంగ్లీషు పేరు పెట్టి చూస్తాం. అది కుదిరాక, మిగిలిన చోట్లో తెలుగును కూర్చోబెడతాం. ఇంటికి ముందొచ్చినవాళ్లకు మంచం, తర్వాత వచ్చినవాళ్లకు చాప.

శేఖర్: ఇల్లు ఎవరిదో!

మాధవి: ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషు తోక ఎంత పొడుగో ముందే లెక్క తెలుసు, దాన్ని దాటదు. మనకు అలా కాదు. 'స్త్రీ' తీసుకోండి. పైన గుడిదీర్ఘం, కింద త ఒత్తు, దానికి తోడు క్రారవడి, అంటే ర ఒత్తు. ఒక్క అక్షరం మూడంతస్తుల మేడ. ఇంగ్లీషుకు సరిపోయేంత చోటే వరుసల మధ్య వదిలితే, పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస తలకట్టును గుద్దుతుంది. మొదట్లో ఫొటోషాప్‌లో తెలుగు పెడితే ఒత్తులు విడిపోయి చెల్లాచెదురుగా పడేవి. టెక్స్ట్ ఇంజన్ అని ఒక అమరిక ఉందని, దాన్ని దక్షిణాసియా భాషలకు మార్చాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఒక్కో ఒత్తును విడిగా గీసి అతికించేదాన్ని.

శేఖర్: అప్పుడు అతికించిన చేతులేనా ఇవి?

మాధవి: అబ్బా.

శేఖర్: ఏ ఫాంటు వాడావు?

మాధవి: రామభద్ర. మందంగా ఉంటుందని. ధూర్జటి, తిమ్మన కూడా పెట్టి చూశాను.

శేఖర్: అష్టదిగ్గజాల్లో ఎంతమంది ఉన్నారు నీ దగ్గర?

మాధవి: ఎనిమిది మందీ. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ. ఆపైన శ్రీకృష్ణదేవరాయ కూడా. అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. వాటిని తెచ్చిన సిలికానాంధ్ర సంస్థ పుణ్యమా అని భువనవిజయం మొత్తం నా కంప్యూటర్‌లోనే ఉంది.

శేఖర్: అంతమంది కవులను ఎదురుగా పెట్టుకుని 'బెలం' అని రాశావన్నమాట. ఇదిగో, ఇక్కడ ఇంకొకటి. 'ఏడాది నిల్వ' అని వేశావు. ఏడు అంటే 7. సంవత్సరమైతే ఏఁడు. ఏండ్లు అంటాం కదా, ఆ సున్న ఎక్కడికి పోయింది? ఇక్కడ అరసున్న...

[గ్లాసు మోగిన చప్పుడు]

మాధవి: ఒకటి!

శేఖర్: ఇది న్యాయంగా వచ్చింది. లెక్కలోకి రాదు.

మాధవి: వస్తుంది. విశాఖ నుంచి మన భాగాలు వింటూ లెక్కపెట్టే ఆవిడ ఊరుకోరు. అసలు ఆవకాయ సీసా మీద అరసున్న వేస్తే ఎవరు చదువుతారండీ? ముద్రణ తప్పు అనుకుంటారు.

శేఖర్: మీ తరానికి చోటు లేదంటే ఒత్తు బరువు, చదవరంటే సున్న బరువు. రేపు తలకట్టు కూడా తీసేస్తారు, లోగో నున్నగా ఉంటుందని.

మాధవి: మా తరమా? మీ నాన్నగారి ప్రెస్సులో ళ అచ్చులు అయిపోతే ల వేసి సరిపెట్టారని చెప్పింది ఎవరు? మా తరమేనా?

[కొంతసేపు మౌనం]

శేఖర్: అది నేనే.

మాధవి: మీరు కంపోజ్ చేసినదని తెలియదండీ నాకు.

శేఖర్: శుభలేఖ. పెళ్లి శ్రీకాళహస్తిలో. రెండు వైపుల బంధువుల ఊళ్ల పేర్లతో ళ గడి ఖాళీ అయింది. నాకు అప్పుడు పదిహేడేళ్లు, సినిమాకు వెళ్లే తొందర. శ్రీకాలహస్తి అని బిగించి ట్రెడిల్ అచ్చుయంత్రం ఎక్కించేశాను. నాలుగు వందల కార్డులు. సాయంత్రం నాన్న చూశారు. నన్ను ఒక్క మాట అనలేదు. కలం తీసుకుని కూర్చున్నారు.

మాధవి: నాలుగు వందలూ దిద్దారా?

శేఖర్: తెల్లవారే దాకా. ఆయన చేతిలో ళ ఎంత బాగుండేదంటే, ఆ కార్డుల్లో అచ్చుకంటే అదే బాగుంది. పెళ్లివాళ్లు కావాలనే అలా వేయించామని చెప్పుకున్నారట. నేను మాత్రం ఆ సినిమా ఈ రోజు వరకూ చూడలేదు.

మాధవి: ... నీళ్లు తాగండి. ఆ గ్లాసు కాదు, ఈ గ్లాసు.

శేఖర్: ఊఁ. నువ్వు చెప్పు, ఆలోచనలు ఎక్కడి నుంచి వస్తాయన్నావు.

మాధవి: శ్రీకాళహస్తి అన్నారు కాబట్టి అక్కడి నుంచే వస్తాను. అక్కడి కలంకారీ కలంతో గీసేది. మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. రెండు చోట్లా బట్టను ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతారు. నలుపు దేనితో చేస్తారో తెలుసా? తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు.

శేఖర్: బెల్లమే?

మాధవి: బెల్లమే. అందుకే లేబుల్‌కు ఆ నలుపు, పటికతో పట్టే ఆ ఎరుపు, రెండే రంగులు తీసుకున్నాను. పచ్చళ్లాయనకు ఈ కథ చెబితే, తుప్పు అన్న మాట ఎక్కడా రాయవద్దన్నారు.

శేఖర్: [నవ్వు] ఆయన మాటలో న్యాయం ఉంది.

మాధవి: ఇక బోర్డుల సంగతి. ఇప్పుడంతా ఫ్లెక్సీలే కదా. చేత్తో రాసేవాళ్లను వెతుక్కుంటూ వెళ్లాలి. పోయిన నెల ఒక పెద్దాయన ఎరువుల దుకాణం గోడ మీద రాస్తుంటే రెండు గంటలు నిలబడ్డాను. సుద్దపొడి అద్దిన దారం లాగి పట్టుకుని గోడకు టప్పున కొడితే తెల్ల గీత పడుతుంది. ఇంగ్లీషు పేరుకు రెండు గీతలు కొట్టాడు. తెలుగు పేరుకు మూడు. మూడోది ఎందుకు తాతా అంటే, కిందివాళ్లకు అన్నాడు.

శేఖర్: కిందివాళ్లకా!

మాధవి: ఒత్తులకు. ముందు ఆ చోటు చూసుకుని, ఆ తర్వాతే పై అక్షరం ఎంత పెద్దదో తేల్చుకున్నాడు. నేను సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాను.

శేఖర్: ఆయన ఫొటో తీశావా?

మాధవి: గోడ తీశాను. ఆయన వద్దన్నాడు. 'విత్తనములు' అని రాశాడండీ, ఆ త ఒత్తు చూడాలి మీరు, ముగ్గు చివర వేలు ఎత్తినట్టు...

శేఖర్: 'విత్తనములు' అన్నాడా, విత్తనాలు అనకుండా? అయితే ఆయన పాతకాలంవాడు. అరసున్న వేయమంటే వేసేవాడే...

[గ్లాసు మోగిన చప్పుడు]

మాధవి: రెండు! ఉండండి, పచ్చళ్లాయన ఫోను. ఎత్తాలా?

శేఖర్: నాకివ్వు.

మాధవి: వద్దండీ, ఇంకా రికార్డవుతోంది...

శేఖర్: హలో. నమస్కారమండీ. ఆ అమ్మాయి ఇక్కడే ఉంది. ఒక్క సందేహం, మీరు అమ్మేది బెల్లం ఆవకాయా, బెలం...