పియానో బేస్ మొద్దుబారితే ట్యూనింగ్‌తో బాగుపడదు

"మా అప్‌రైట్ (నిలువు) పియానోలో కింది స్వరాలు దబ్‌దబ్‌మంటున్నాయండీ, ట్యూనింగ్ చేయిస్తే సరిపోతుందా?" ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. సరిపోదు! ట్యూనింగ్ సరిచేసేది శ్రుతిని. నాదం పోయిన తీగను ఎంత శ్రుతి చేసినా, శ్రుతిగా దబ్‌మంటుంది, అంతే.

అసలు బేస్ తీగకు, అంటే కింది స్వరాల తీగకు, రాగి ఎందుకు చుడతారు? రాగికే ఏదో గంభీరమైన గొంతు ఉందనుకుంటారు. కాదు, అది బరువు కోసం. పియానోలో పై చివరి తీగ సుమారు 5 సెంటీమీటర్లు. ఒక్కో ఆక్టేవ్ (సప్తకం) దిగినప్పుడల్లా పొడవు రెట్టింపు చేస్తూ పోతే, 7 ఆక్టేవ్‌ల కింద 6 మీటర్లు దాటుతుంది. అప్‌రైట్ మనిషంత ఎత్తు కూడా ఉండదు. బేస్ తీగల్ని ఐమూలగా వేసినా ఆ పొడవు రాదు. తీగ పొడవైనా, బరువైనా స్వరం దిగుతుంది కాబట్టి, ఇక బరువు పెంచాల్సిందే.

మరి లావుపాటి ఉక్కు తీగే వేయొచ్చుగా? ఒక సన్నని బెత్తం ఊహించుకోండి. మందం రెట్టింపు చేస్తే బరువు 4 రెట్లవుతుంది, బాగానే ఉంది. కానీ వంచడానికి 16 రెట్ల బలం కావాలి! అంత బిరుసైన తీగలో ఓవర్‌టోన్‌లు (అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు) ఉండాల్సిన చోటు కంటే పైకి జరిగిపోతాయి, స్వరం ఏదో తేలదు. అదే సన్న బెత్తానికి వరసగా గాజులు తొడగండి. బరువు పెరిగింది, వంగే గుణం దాదాపు అలాగే ఉంది. రాగి చుట్లంటే ఆ గాజులే. పొట్టి అప్‌రైట్‌లలో ఎన్ని గాజులు తొడిగినా అట్టడుగు స్వరం పలచగానే ఉంటుంది. చోటు కలిసొస్తుందని కొనేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా ముందే చెప్తే బాగుండు.

ఇప్పుడు గాజుల మధ్య దుమ్ము, చిలుము చేరాయనుకోండి. బెత్తం ఊగిన ప్రతిసారీ అవి రాసుకుంటాయి, ఊపంతా అక్కడే హరించుకుపోతుంది. ముందు పోయేవి పై ఓవర్‌టోన్‌లు. మిగిలేది ఆ 'దబ్'. అదే గాజు వదులైతే జుయ్‌మని రొద. ఈ రెండూ వేరు వేరు జబ్బులు.

వీటికి నూనె రాసే మహానుభావులున్నారు. దయచేసి వద్దు! నూనె చుట్ల లోపలికి దిగి దుమ్మును పట్టేసుకుంటుంది. తడిగుడ్డ, చెమట చేతులు కూడా తగలనివ్వకండి.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. టెక్నీషియన్ తీగను వదులు చేసి, కింది పిన్ నుంచి తప్పించి, ఉచ్చులా వంచి, ఆ వంపును పైకీ కిందికీ జరుపుతారు. గాజులు కదిలి మురికి రాలుతుంది. తిరిగి తగిలించేటప్పుడు చుట్టు బిగిసే వైపు ఒక మెలిక వేస్తారు. రొదకూ ఇదే పని చేస్తుంది. పాత తీగ తెగే ప్రమాదం ఉంది, పైగా టెన్షన్ పదుల కిలోల్లో ఉంటుంది, మీరు మాత్రం చేయకండి. పక్కపక్క స్వరాలన్నీ ఒక్కసారే పాడైతే బేస్ బ్రిడ్జి (ఆ తీగలు ఆనుకునే చెక్క పట్టీ) పగిలిందేమో ముందు చూడమనండి. తీగలే మార్చాల్సి వస్తే, కొత్తవి సాగుతాయి, మొదట్లో మళ్లీ మళ్లీ శ్రుతి చేయించాలి. ఇంకొకటి, ఒకే స్వరానికి ఉండే జంట తీగల్లో ఒక్కటే మారిస్తే పాతదాని పక్కన కొత్తది గణగణమంటూ వేరుగా వినిపిస్తుంది, అందుకని రెండూ మార్పించండి.