లెక్కల టీచర్ ఎక్కడ నేర్చుకోవాలి?

(తెరపై: నల్లబల్ల. దాని మీద 1¾ ÷ ½ అని రాసి ఉంటుంది.)

నమస్కారం. లెక్కలు చెప్పే సార్లకీ, మేడమ్‌లకీ ముందుగా ఒక ప్రశ్న. ఒకటీ ముప్పావుని అరతో భాగిస్తే ఎంత? మూడున్నర. రెండో భిన్నాన్ని తిరగేసి గుణిస్తాం, అయిపోతుంది. సరే, ఇప్పుడు ఇదే లెక్కకి సరిపోయే పద సమస్య ఒకటి మీరే తయారుచేయండి. వీడియో కాసేపు ఆపి ప్రయత్నించండి.

చేశారా? "ఒకటీ ముప్పావు రొట్టెని ఇద్దరికి సమానంగా పంచితే" అని మొదలుపెట్టారేమో చూసుకోండి. అది రెండుతో భాగించడం. అరతో కాదు.

సరిగ్గా ఇదే ప్రశ్నకి అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది ప్రాథమిక పాఠశాల టీచర్లు ఇచ్చిన జవాబుల్ని లిపింగ్ మా అనే పరిశోధకురాలు పోల్చి చూశారు. ఆమె అధ్యయనం 1999లో అచ్చయింది. అమెరికా టీచర్లలో లెక్కని సరిగ్గా పూర్తిచేసినవాళ్లే సగంకంటే తక్కువ. అర్థానికి సరిపోయే సమస్య చెప్పగలిగింది ఒక్కరే. చైనాలో 72 మందీ లెక్క చేశారు, 65 మంది సరైన సమస్యలు తయారుచేశారు. చదువు విషయానికొస్తే అమెరికా టీచర్లంతా డిగ్రీ పూర్తిచేసినవాళ్లు. చైనా టీచర్లలో ఎక్కువమంది తొమ్మిదో తరగతి తర్వాత రెండు మూడేళ్ల టీచర్ ట్రైనింగ్ చేసి బడిలో చేరినవాళ్లు. మరి ఈ తేడా ఎక్కడిది? చాలావరకు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నది. అక్కడ ఒకే సబ్జెక్టు చెప్పే టీచర్లు క్రమం తప్పకుండా కూర్చుని పాఠ్యపుస్తకాన్ని పేజీ పేజీ చర్చించుకుంటారు. ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారు, ఒకే లెక్కని ఎన్ని దారుల్లో చెప్పొచ్చు అన్నదే వాళ్ల చర్చ.

(తెరపై: తూకం, పంచదార, అరకిలో పొట్లాలు.)

ఆ లెక్కని మనమూ ఒకసారి విప్పి చూద్దాం. కిలో ముప్పావు పంచదార ఉంది. అరకిలో పొట్లాలు కడితే ఎన్ని వస్తాయి? మూడు నిండు పొట్లాలు వస్తాయి, పావుకిలో మిగులుతుంది. జవాబేమో మూడున్నర అంటున్నాం. మిగిలింది పావు కదా, మూడుంపావు ఎందుకు కాదు? క్లాసులో ఎవరో ఒకరు ఇలా అడగాలి, అడిగితే సంతోషించాలి. మిగిలిన పావుకిలో, అరకిలో పొట్లంలో సగం. ఇక్కడ మనం లెక్కపెడుతున్నది కిలోల్ని కాదు, పొట్లాల్ని. ఈ సంగతి పట్టుబడితే, భాగిస్తే సంఖ్య పెరగడమేంటన్న అనుమానం కూడా తీరిపోతుంది. తిరగేసి గుణించడం ఎందుకో కూడా ఇక్కడే దొరుకుతుంది. కిలోకి రెండు పొట్లాలు వస్తాయి కాబట్టి, ఎన్ని కిలోలుంటే దానికి రెట్టింపు పొట్లాలు.

ఎమ్మెస్సీలో గ్రూపులు, రింగులు లాంటి పైస్థాయి గణితం చదువుకున్నాం. బీఈడీలో బోధనా పద్ధతుల పేర్లు చదువుకున్నాం. ఈ పొట్లం సంగతి రెండింటిలోనూ రాదు. గణితం రావడం వేరు, పిల్లలకి అర్థమయ్యేలా గణితాన్ని తెలుసుకోవడం వేరు. ఈ రెండోదానికి విద్యారంగంలో విడిగా గుర్తింపు వచ్చింది 1986లో అమెరికా విద్యావేత్త లీ షుల్‌మన్ రాసిన వ్యాసంతో. కాబట్టి ఏ శిక్షణకి వెళ్లాలన్నా నేను చూసేది ఒక్కటే: ఇది నా పాఠంలో ఏ పొట్లాన్ని విప్పుతుంది?

(తెరపై: జాతీయ విద్యావిధానం 2020 – ఏడాదికి 50 గంటలు.)

జాతీయ విద్యావిధానం 2020 ప్రకారం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలి. ఆ గంటల్లో ఎక్కువభాగం ఫోన్‌లోనే గడుస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన దీక్ష ఆన్‌లైన్ పోర్టల్, 2019లో తెచ్చిన నిష్ఠ టీచర్ శిక్షణ మీ అందరికీ తెలిసినవే. ఆ కోర్సుల్లో పనికొచ్చే విషయం ఉంది. కానీ నోట్సులు దిద్దడం, ఆన్‌లైన్ ఎంట్రీలు, పరీక్షల డ్యూటీల మధ్య గడువులోపు మాడ్యూల్ పూర్తిచేయాలంటే వినడం తగ్గి సర్టిఫికెట్ మిగులుతోంది. ఇది టీచర్ తప్పని నేను అనను. తీరికలేని మనిషి ఒంటరిగా కూర్చుని నేర్చుకోవడం కష్టం. అందుకే చిన్న సలహా: మీ బడిలోనో పక్క బడిలోనో ఉన్న ఇంకో మ్యాథ్స్ టీచర్‌తో కలిసి ఒకే మాడ్యూల్ చూడండి. చూశాక ఇద్దరూ ఒక్క పాఠం గురించైనా మాట్లాడుకోండి.

బయటికి వెళ్లి నేర్చుకునే చోట్లు మనవాళ్లలో చాలామందికి తెలిసినదానికంటే ఎక్కువే ఉన్నాయి. దక్షిణాది రాష్ట్రాల బాధ్యత చూసే ఎన్‌సీఈఆర్‌టీ ప్రాంతీయ విద్యాసంస్థ మైసూరులో ఉంది. అక్కడి శిక్షణలకి టీచర్ల పేర్లు మామూలుగా విద్యాశాఖ ద్వారానే వెళ్తాయి. కాబట్టి పేర్లు అడిగినప్పుడు వెనకడుగు వేయకండి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకి చళ్లకెరెలో ఇంకో క్యాంపస్ ఉంది. మన అనంతపురం జిల్లాని ఆనుకుని ఉన్న చిత్రదుర్గ జిల్లాలోనే. అక్కడ సైన్సు, లెక్కల టీచర్లకి శిక్షణ ఇస్తారు. ముంబయిలోని హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రం మన దేశంలో గణిత ఒలింపియాడ్‌లని చూసుకునే సంస్థ. పిల్లల చేత ఆలోచింపజేసే లెక్కలు కావాలంటే పాత ఒలింపియాడ్ ప్రశ్నపత్రాలు మంచి నిధి. చెన్నైలో 1965లో మొదలైన భారత గణిత ఉపాధ్యాయుల సంఘం పత్రికలు తెస్తుంది, సదస్సులు జరుపుతుంది, పిల్లలకి ప్రతిభా పరీక్షలు పెడుతుంది.

డబ్బూ సెలవూ అక్కర్లేనిది ఇంకొకటుంది. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం తెచ్చే 'ఎట్ రైట్ ఏంగిల్స్' అనే గణిత పత్రిక. మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గణిత కేంద్రం తోడుగా 2012లో మొదలైంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రాథమిక తరగతుల టీచర్ల కోసం విడిగా వచ్చే భాగంలో ఒక్కో అంశాన్ని తీసుకుని, గింజలూ పుల్లలూ కాగితాలతో ఎలా మొదలుపెట్టాలో దశలవారీగా చూపిస్తారు. పత్రిక ఇంగ్లిష్‌లో ఉంటుంది, అయినా బొమ్మలు చూస్తూ చదివితే ఇబ్బంది ఉండదు. ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్‌జీటీలు తప్పకుండా చూడాలి.

(తెరపై: స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. బల్ల మీద పిల్లల నోట్సులు.)

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మన చేతిలోనే ఉన్న గొప్ప అవకాశం స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. చుట్టుపక్కల బడుల్లో ఒకే సబ్జెక్టు చెప్పేవాళ్లు ఒకచోట చేరే రోజు అది. సర్క్యులర్లు చదవడంతోనూ, వివరాలు రాసుకోవడంతోనూ ఆ రోజు గడిచిపోతే నాకు నిజంగా బాధేస్తుంది.

జపాన్‌లో టీచర్లు వందేళ్లకి పైగా ఒక పద్ధతి పాటిస్తున్నారు, పాఠ పరిశీలన అనొచ్చు. ముగ్గురో నలుగురో టీచర్లు కలిసి ఒక్క పాఠాన్ని తయారుచేస్తారు. ఏ లెక్కతో మొదలుపెట్టాలి, అందులో అంకెలు ఏవి ఉండాలి, పిల్లలు ఏయే జవాబులు చెప్పొచ్చు అన్నవి ముందే రాసుకుంటారు. అంకెలు కూడానా అనుకోకండి. ఇందాకటి లెక్కలో కిలో ముప్పావు బదులు రెండు కిలోలు పెట్టి ఉంటే నాలుగు పొట్లాలతో ముగిసిపోయేది. ఆ పావుకిలో ప్రశ్న పుట్టేదే కాదు. తర్వాత ఒకరు ఆ పాఠం చెబుతారు. మిగతావాళ్లు వెనక బెంచీలో కూర్చోరు, పిల్లల పక్కన నిలబడి వాళ్లు నోట్సులో రాస్తున్నది రాసుకుంటారు. క్లాసయ్యాక జరిగే చర్చ టీచర్ గొంతు గురించో, బోర్డు మీద చేతిరాత గురించో కాదు. ఫలానా పిల్లవాడు మూడుంపావు అని రాశాడు, ఎందుకు రాశాడు? ఆ చర్చ తర్వాత పాఠాన్ని సరిదిద్ది ఇంకో క్లాసులో ఇంకొకరు చెబుతారు.

ఇది మన దగ్గర కుదరదా అంటే, కుదురుతుంది. సమావేశం జరిగే బడిలో పిల్లలుంటారు, ఒక పీరియడ్ దొరుకుతుంది. ముందురోజు వాట్సాప్ గ్రూపులో పాఠం అనుకోవచ్చు. మన క్లాసుకి ఇంకో టీచర్ వస్తున్నారంటే టెన్షన్ సహజం. అందుకే మొదటిసారి పాఠం చెప్పే బాధ్యత అనుభవం ఎక్కువున్న సీనియరే తీసుకోవాలి. డీఎస్సీలో కొత్తగా చేరినవాళ్ల మీద పెట్టకూడదు. చర్చలో టీచర్ పేరు ఎత్తకుండా పిల్లల జవాబుల గురించే మాట్లాడాలన్న నియమం గట్టిగా పాటించాలి.

మొదటి పాఠంగా ఏది తీసుకోవాలంటే, భిన్నాల భాగహారం కాకపోతే రుణ సంఖ్యల తీసివేత తీసుకోండి. 3 లోంచి మైనస్ 5 తీసివేస్తే 8 ఎందుకవుతుందో ఆరో తరగతి పిల్లలకి చెప్పే దారులు నలుగురు టీచర్లూ విడివిడిగా కాగితం మీద రాసుకుని రండి. సంఖ్యారేఖతో ఒకరు, అప్పు రద్దయితే చేతిలో డబ్బు పెరిగినట్టేనని ఒకరు, 3 − 2, 3 − 1, 3 − 0 అంటూ వరసలో ముందుకెళ్లి ఒకరు. వీటిలో ఏది ఏ పిల్లకి అందింది, ఏది అందలేదు అన్నది ఆ పీరియడ్‌లో నోట్సులు చూస్తే తెలుస్తుంది.