వెర్షన్ నంబర్ ఒక్కటే చాలదు: దూరాన ఉన్న కంప్యూటర్ల లెక్క ఎలా ఉండాలి?

నమస్కారం. వెబ్‌సైట్ల తయారీకి వాడే అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో తీవ్రమైన లోపం ఉందని 2017 మార్చి 7న ప్రకటన వెలువడింది. దాన్ని సరిచేసిన 2.3.32, 2.5.10.1 వెర్షన్లు కూడా అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. మరునాడే అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం అందరినీ హెచ్చరించింది. అట్లాంటాలోని క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్‌లో, ఈ సాఫ్ట్‌వేర్ వాడుతున్నవారు 48 గంటల్లో ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే సవరణ, వేయాలని 9వ తేదీన ఈమెయిల్ వెళ్లింది. అయినా మే నెల మధ్య నుంచి జులై నెలాఖరు వరకు చొరబాటుదారులు అదే లోపం గుండా లోపలికి వచ్చి, సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వ్యక్తిగత వివరాలను పట్టుకుపోయారు.

ప్యాచ్ ఉంది, హెచ్చరిక అందింది, గడువూ పెట్టారు. మరి ఎక్కడ తప్పింది? ఆ ఈమెయిల్ వెళ్లిన చిరునామాల జాబితా పాతది కావడంతో, ప్యాచ్ వేయాల్సిన వారికి అది చేరలేదు. తరువాతి వారం లోపాలను వెతకడానికి నడిపిన స్కాన్ కూడా, వినియోగదారుల ఫిర్యాదుల పోర్టల్‌లో ఉన్న పాత స్ట్రట్స్‌ను కనిపెట్టలేకపోయింది. అది ఏయే యంత్రాలలో ఉందో చెప్పే నమ్మకమైన లెక్క ఆ సంస్థ దగ్గర లేదు. అందుకే, ప్యాచ్ వేయడం కన్నా ముందు ఏ యంత్రంలో ఏ వెర్షన్ ఉందో తెలుసుకోవడమే అసలు పని అని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ లెక్క తీయడానికి సాధారణంగా ప్రతి కంప్యూటర్‌లోనూ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను పెడతారు. అది అక్కడున్న సాఫ్ట్‌వేర్ల పేర్లు, వెర్షన్లు సేకరించి కేంద్ర సర్వర్‌కు పంపుతుంది. ఫేస్‌బుక్ 2014లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన ఓఎస్‌క్వెరీ కూడా ఇలాంటిదే. కంప్యూటర్‌లోని వివరాలను డేటాబేస్ పట్టికల్లాగా చూపించడం, డేటాబేస్‌ల కోసం వాడే మామూలు ఎస్‌క్యూఎల్ భాషలోని ప్రశ్నలతో వాటిని అడిగే వీలు కల్పించడం దాని ప్రత్యేకత.

వినడానికి ఇది తేలికైన పనే. కానీ విండోస్‌నే తీసుకోండి. అందులో ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల వివరాలు రిజిస్ట్రీ అనే సెట్టింగుల భాండారంలోని అన్‌ఇన్‌స్టాల్ అనే భాగంలో ఉంటాయి. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాముల వివరాలకు వేరే చోటు ఉంది. ఒక్క యూజర్ తన ఖాతా కోసమే పెట్టుకున్న ప్రోగ్రాములు ఆ ఖాతా కింద మరో చోట నమోదవుతాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చూడకపోయినా జాబితా పూర్తి కాదు. వీటిని వెతికే బదులు కొందరు విండోస్ నుంచి వివరాలు అడిగే డబ్ల్యూఎంఐ అనే సదుపాయంలోని విన్32 ప్రోడక్ట్ అనే ప్రశ్న వాడతారు. దయచేసి ఆ పని చేయకండి. అది విండోస్ సొంత ఇన్‌స్టాలర్ అయిన ఎంఎస్ఐ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయిన ప్రతి ప్రోగ్రామ్‌నూ సరిగ్గా ఉందా లేదా అని పరీక్షిస్తుంది, అవసరమని తోస్తే రిపేర్ కూడా మొదలుపెడుతుంది. కేవలం లెక్క అడగబోయి, ఉద్యోగి పని చేసుకుంటున్న యంత్రంలో మార్పులు చేసినట్లవుతుంది.

నంబర్ చేతికి వచ్చాక కూడా దాన్ని చదవడం తెలియాలి. వెర్షన్లను మామూలు అక్షరాలుగా పోల్చే స్క్రిప్టుకు 9 కన్నా 10 చిన్నదిగా కనిపిస్తుంది, కనుక చుక్కల మధ్య ఉన్న ప్రతి భాగాన్నీ సంఖ్యగానే పోల్చాలి. అంతకన్నా చిక్కైన సంగతి లినక్స్‌లో ఉంది. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీలో (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌లో) 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు, దాన్ని సరిచేసిన అధికారిక వెర్షన్ 1.0.1జీ. అయితే లినక్స్‌ను తయారుచేసి ఇచ్చే రెడ్ హ్యాట్ సంస్థ తన 6వ తరం లినక్స్‌లో వెర్షన్‌ను 1.0.1ఈ గానే ఉంచి, సవరణను మాత్రమే అందులో చేర్చింది. నంబర్‌లో మొదటి భాగం మాత్రమే చూసినవారికి సురక్షితమైన సర్వర్ కూడా లోపభూయిష్టంగానే కనిపించింది. ఆ నంబర్ వెనుక హైఫన్ తరువాత వచ్చే ప్యాకేజీ విడుదల సంఖ్యను కూడా చదివితేనే నిజం తెలుస్తుంది. పైగా, లైబ్రరీని అప్‌డేట్ చేసినా, దాన్ని వాడుతున్న సర్వీసును రీస్టార్ట్ చేసేదాకా మెమరీలో నడిచేది పాతదే. డిస్కు మీద ఉన్న వెర్షన్‌తో పాటు నడుస్తున్న వెర్షన్ ఏదో అడగడం అందుకే అవసరం.

ఇక ఇళ్ల నుంచి పనిచేసే ఉద్యోగుల ల్యాప్‌టాప్‌ల విషయానికి వద్దాం. కంపెనీ హైదరాబాద్‌లో, ఉద్యోగి రాజమండ్రిలో ఉన్నప్పుడు, కంపెనీ నెట్‌వర్క్‌లోకి సురక్షిత దారి అయిన వీపీఎన్ కలిపితేనే మాట్లాడే ఏజెంట్ అయితే వారాల తరబడి మౌనంగా ఉండిపోవచ్చు. అయినా నివేదికలో దాని పాత వెర్షన్ వివరాలు నిన్న తీసినట్లే నిలిచి ఉంటాయి. నా దృష్టిలో ఆ నివేదికలో అన్నిటికన్నా విలువైన గడి, ఆ యంత్రం చివరిసారి ఎప్పుడు పలికిందో చెప్పే తేదీ. నెల రోజులుగా పలకని యంత్రాలను అప్‌డేట్ అయినవాటిలో కలిపి చూపకుండా, స్థితి తెలియనివాటిగా విడిగా లెక్కించాలి. ఏజెంట్ వీపీఎన్‌తో పనిలేకుండా నేరుగా ఇంటర్నెట్ ద్వారానే సురక్షితంగా సర్వర్‌ను చేరేలా అమర్చాలి. అప్పటికీ పలకని ల్యాప్‌టాప్‌కు, అది తన వెర్షన్ వివరాలు పంపేవరకు, కంపెనీ ఈమెయిల్, ఫైళ్లు అందకుండా ఆపివేయాలి. ఆ సంగతి సదరు ఉద్యోగికి ముందే ఫోన్ చేసి చెప్పాలి.