వృత్తి అన్న గడిలో ఒక్క మాట
(యల్లాప్రగడ సుబ్బారావు గారి జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న గురువర్యులకు, ఎదుట కూర్చున్న వైద్య విద్యార్థులకు, ఊరి పెద్దలకు నమస్కారం. అధ్యక్షులవారు జీవరసాయన శాస్త్రవేత్త సుబ్బారావు గారి జీవితం గురించి మాట్లాడమన్నారు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన సంగతి, మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ఆచార్యుల ఆగ్రహానికి గురైన సంగతి మీరంతా ఏటా వింటూనే ఉన్నారు. అందుచేత ఈసారి ఆయన పనితో సంబంధమున్న ఒకే ఒక్క జబ్బును తీసుకుంటాను. దాని పేరు మెసోథీలియోమా. ఇది అరుదైన క్యాన్సరు. కోసి తీసివేయడానికి వీలు లేని దశలో బయటపడేదే ఎక్కువ. దీనికి కీమోథెరపీని, మన రోగనిరోధక శక్తినే క్యాన్సరు మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీని కలిపి ఇవ్వడం గురించి నాకు తెలిసినంత చెబుతాను.

ఊపిరితిత్తిని కప్పుతూ ప్లూరా అనే రెండు పలుచని పొరలుంటాయి. ఆస్బెస్టాస్ (రాతినార) ధూళిలోని సూదుల వంటి పోగులు శ్వాసతోపాటు లోపలికి వెళ్లి, ఆ పొరల దాకా చేరి, అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోతాయి. క్యాన్సరుగా మారడానికి ఇరవై నుంచి యాభై ఏళ్ల దాకా పడుతుంది. దక్షిణాఫ్రికాలోని నార్తర్న్ కేప్ ప్రాంతంలో, ఎక్కువమంది నీలి ఆస్బెస్టాస్ గనుల చుట్టుపక్కల బతికిన 33 మంది రోగుల వివరాలను వాగ్నర్, ఆయన సహచరులు 1960లో ప్రచురించిన తరువాతే ఈ సంబంధం ప్రపంచానికి స్పష్టమైంది. ఆ 33 మందిలో గనిలో దిగనివారు కూడా ఉన్నారు. ఆ ధూళి ఉన్న ఊళ్లో పెరగడమే వారు చేసిన నేరం. మన పులివెందుల ప్రాంతంలోనూ ఆస్బెస్టాస్ తవ్వారు. దేశంలో గనులకు కొత్త లీజులు ఇవ్వడం 1986లో, పాతవాటిని పొడిగించడం 1993లో ఆపేశారు గాని, విదేశాల నుంచి తెప్పించుకోవడం మాత్రం ఆగలేదు. మన పల్లెల్లో వంటిళ్ల మీద, పశువుల కొట్టాల మీద ఉన్న ఆస్బెస్టాస్ సిమెంటు రేకులను ఒకసారి తలుచుకోండి. కదలకుండా పైకప్పుగా ఉన్న రేకు చేసే కీడు తక్కువ. రంపంతో కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే పొడి సంగతి వేరు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. పదిహేనేళ్ల కిందటి మాట. యాభై ఎనిమిదేళ్ల మనిషి కుడిపక్క నొప్పితో, ఆయాసంతో నా దగ్గరికి వచ్చారు. "నిమ్ము చేసిందండి" అన్నారు ఆయన భార్య. ఎక్స్‌రేలో కుడివైపంతా నీరు. నీరు తీసి పరీక్షకు పంపితే క్యాన్సరు కణాలు కనబడలేదు. మన దేశంలో ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే ముందుగా తట్టేది క్షయ. నాకూ అదే తట్టింది. ఆరు నెలలు క్షయ మాత్రలు వాడించాను. తీసిన నీరు తీసినట్టే మళ్లీ చేరుతుంటే, నాలుగోసారి గాని నాకు అనుమానం రాలేదు. అప్పుడు థొరాకోస్కోపీ (ఛాతీలోకి గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించి, పొర నుంచి ముక్క తీయిస్తే జబ్బు తెలిసింది. ఈ జబ్బులో నీటి పరీక్ష చాలాసార్లు ఏమీ చెప్పదని, ముక్క పరీక్షే దిక్కని నేను చదువుకోకపోలేదు; చదువుకున్నది సమయానికి గుర్తు రాలేదు. ఆ రోజు రాత్రి ఆయన కేస్ షీటు తీసి చూసుకున్నాను. వృత్తి అన్న గడిలో నా చేతిరాతతోనే "కూలీ" అని ఉంది. ఏ కూలీ అని నేను అడగలేదు. మరునాడు అడిగితే, పంతొమ్మిదేళ్లు రేకుల గోదాములో కొలతకు రేకులు కోసిచ్చానని చెప్పారు.

శస్త్రచికిత్స మాట కూడా చెప్పాలి. నా తరం వైద్యులు కోయగలిగితే బతికించవచ్చని నమ్మారు. బ్రిటన్‌లో 335 మందితో జరిపిన మార్స్ 2 పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. కీమోతోపాటు పెద్ద శస్త్రచికిత్స చేయించుకున్నవారి మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది దాటిన కాలం, 19.3 నెలలు, కీమో మాత్రమే తీసుకున్నవారిది 24.8 నెలలు. కోయడానికి వీలు కాదు అని చెప్పినప్పుడు కుటుంబాల ముఖాలు వాడిపోవడం నేనెన్నోసార్లు చూశాను. ఇకపై ఆ మాటకు అంతగా కుంగిపోనవసరం లేదని మనం వారికి ధైర్యంగా చెప్పవచ్చు.

నా రోగికి అప్పట్లో ఇవ్వగలిగింది పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ అనే రెండు మందుల కీమో ఒక్కటే. సిస్‌ప్లాటిన్ మాత్రమే ఇస్తే 9.3 నెలలున్న మధ్యస్థ జీవితకాలం, పెమెట్రెక్సెడ్ జోడిస్తే 12.1 నెలలకు పెరిగిందని 2003లో వెలువడిన పరీక్ష తేల్చింది. ఆ పరీక్ష తొలి రోజుల్లో మందు విషం తట్టుకోలేక కొందరు చనిపోయారు. శరీరంలో ఫోలిక్ ఆమ్లం, బీ12 తక్కువగా ఉన్నవారికే ప్రమాదం ఎక్కువని గుర్తించి, ఆ తరువాత అందరికీ ఆ రెండు విటమిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. నేటికీ పెమెట్రెక్సెడ్ ఎక్కించడానికి వారం ముందే ఫోలిక్ ఆమ్లం మాత్రలు మొదలుపెట్టాలి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. అయినా సుబ్బారావు గారి దగ్గర కాసేపు ఆగకుండా ముందుకు వెళ్లలేను. ఆయన అన్నగారు, తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. ఆయన్నీ అదే జబ్బు దాదాపు మింగబోయింది. ఆ జబ్బుకు మందయిన ఫోలిక్ ఆమ్లాన్ని, 1940ల మధ్యలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, ఆయన నడిపిన బృందమే కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఆ కోవకు చెందిన పదార్థాన్ని రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే, జబ్బు మరింత వేగంగా పెరిగింది. పెంచేదేదో తెలిసింది కాబట్టి దానికి అడ్డుపడేదాన్ని ఇస్తే తగ్గాలి కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. అడ్డుపడే అమినాప్టెరిన్‌ను కూడా సుబ్బారావు గారి బృందమే చేసిచ్చింది. పదహారు మంది పిల్లల్లో పదిమందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించిందని ఫార్బర్ 1948లో రాశారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఇప్పటికీ క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేటు ఆ ఇంటి బిడ్డే. ఫోలిక్ ఆమ్లంలో ఉన్న రసాయన వలయమే సీతాకోకచిలుకల రెక్కల రంగుల్లోనూ ఉందని తెలిసి, ఆ దారిలో ఏళ్ల తరబడి పనిచేసిన ప్రిన్స్‌టన్ రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టేలర్ చేతుల్లో తరువాతి కాలంలో పుట్టిన పెమెట్రెక్సెడ్ కూడా ఆ వంశానిదే. ఇవాళ మెసోథీలియోమా రోగి ఫోలిక్ ఆమ్లం మాత్ర మింగి, ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందు ఎక్కించుకుంటున్నాడంటే, భీమవరం మనిషి పని ఆ మంచం దగ్గర రెండు వైపులా నిలబడి ఉన్నదన్నమాట.

ఇక ఇమ్యూనోథెరపీ. మన శరీరంలో జబ్బుతో పోరాడే టీ కణాలు అతిగా విజృంభించకుండా పీడీ-1, సీటీఎల్ఏ-4 అనే కళ్లేలు వాటికి ఉంటాయి. క్యాన్సరు కణం ఆ కళ్లేన్ని తన చేతిలోకి తీసుకుంటుంది. ఆ పట్టు వదిలించే దారి చూపినందుకే జేమ్స్ అల్లిసన్‌కు, తసుకు హోంజోకు 2018లో నోబెల్ బహుమతి దక్కింది. మెసోథీలియోమాలో నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు ఇమ్యూనోథెరపీ మందులను కీమో లేకుండా 605 మందితో జరిపిన పరీక్షలో చూశారు. మధ్యస్థ జీవితకాలం కీమో వర్గంలో 14.1 నెలలు, ఈ వర్గంలో 18.1 నెలలు. అమెరికాలో 2020 అక్టోబరులో దానికి అనుమతి వచ్చింది. అప్పుడు చాలామంది ఇక కీమో పని అయిపోయిందన్నారు. నేను ఒప్పుకోలేదు.

కీమో దెబ్బకు చచ్చే కణాలు తమలోని పదార్థాలను బయట పారబోస్తాయి. అవి టీ కణాలకు శత్రువు ఆనవాలు పట్టిస్తాయి. అదే సమయంలో కళ్లెం కూడా వదిలిస్తే దాడి బలపడాలన్నది ఊహ. కెనడా, ఇటలీ, ఫ్రాన్సు దేశాలవారు కలిసి 440 మందిపై ఆ ఊహను పరీక్షించారు. పెమెట్రెక్సెడ్, ప్లాటినం మందులకు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు కలిపినప్పుడు మధ్యస్థ జీవితకాలం 17.3 నెలలు, కలపనప్పుడు 16.1 నెలలు. నెలన్నర కూడా లేని లాభానికి ఇంత హడావిడా అని మీరు అడగవచ్చు. మూడేళ్ల దగ్గర చూడండి: కలిపినవారిలో 25 శాతం మంది, కలపనివారిలో 17 శాతం మంది బతికి ఉన్నారు. కణితి కుంచించుకుపోయినవారు 62 శాతం, 38 శాతం. నీటితో, ఆయాసంతో బాధపడే మనిషికి కణితి కాస్త తగ్గడమంటే రాత్రి పడుకోగలగడం. ఈ ఫలితాలు 2023లో వచ్చాయి. 2024 సెప్టెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది.

పీజీ విద్యార్థులారా, ఈ ఒక్కటి రాసుకోండి. ముక్క పరీక్షలో కణాల రకం తెలియకుండా మందు నిర్ణయించకండి. ఈ జబ్బు కణాల్లో ఎపిథీలియాయిడ్ అనే రకం ఒకటి, అది కాని రకాలు కొన్ని; ఎపిథీలియాయిడ్ కాని రకాల్లో కీమోకు లొంగుడు తక్కువ. 605 మందితో జరిపిన పరీక్షలో ఆ రకాలవారికి కీమోతో 8.8 నెలలే దక్కితే, రెండు ఇమ్యూనోథెరపీ మందులతో 18.1 నెలలు దక్కాయి. ఎపిథీలియాయిడ్ రకంలో తేడా అంత లేదు: 16.5, 18.7. పెంబ్రోలిజుమాబ్‌ను కీమోకు కలిపిన పరీక్షలోనూ ఎపిథీలియాయిడ్ కాని రకాలకే లాభం ఎక్కువ: 8.2 నుంచి 12.3 నెలలకు. ఇవి ఈ రెండు పద్ధతులను ముఖాముఖి పోల్చిన పరీక్షలు కావు గనుక, ఒక పరీక్ష అంకెలను మరో పరీక్ష అంకెల పక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు. నా అభిప్రాయం మాత్రం ఇది: ఎపిథీలియాయిడ్ కాని రకమైతే రెండు ఇమ్యూనోథెరపీ మందుల వైపు మొగ్గుతాను, ఎపిథీలియాయిడ్ రకంలో కణితి పెద్దదై, ఆయాసం తొందరపెడుతుంటే కీమోతో కలిపిన పద్ధతినే ఎంచుకుంటాను.

కలిపితే బాధలూ కలుస్తాయి. మందు వల్ల తీవ్రమైన దుష్ప్రభావాలు కీమో మాత్రమే తీసుకున్నవారిలో 15 శాతానికి, కలిపి తీసుకున్నవారిలో 27 శాతానికి వచ్చాయి. థైరాయిడ్ దెబ్బతినవచ్చు, పేగులు, కాలేయం, ఊపిరితిత్తులు వాచవచ్చు. ఈ మందుల మీద ఉన్న రోగికి విరేచనాలు మొదలైతే ఊళ్లో దొరికిన మాత్ర మింగించి ఊరుకోవద్దని ఇంటివారికి ముందే చెప్పాలి. అది స్టెరాయిడ్ ఇవ్వవలసిన వాపు కావచ్చు.

ఖర్చు మాట ఎత్తకుండా కూర్చుంటే మీరు నన్ను క్షమించరు. టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్లలో మెథోట్రెక్సేటు ఉన్న నోటి మందులకు, మామూలు మోతాదులో పదో వంతు కూడా లేని 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌ను మూడు వారాలకొకసారి కలిపి చూశారు. ఏడాది తరువాత బతికున్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. దీన్ని మెసోథీలియోమాకు యథాతథంగా తెచ్చుకోకూడదు. కాని మన దేశంలో ఈ జబ్బు మీద అటువంటి పరీక్ష జరగాలని ఈ సభ ముఖంగా అడుగుతున్నాను. అక్కడా మెథోట్రెక్సేటే ఉందని మీరు గమనించే ఉంటారు.

ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య వివరాలను, పనిలో చేరిన నాటి నుంచి కనీసం నలభై ఏళ్లు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995 జనవరిలో తీర్పు చెప్పింది. గోదాములో రోజుకూలికి రేకులు కోసిన నా రోగి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన ఆరు సైకిళ్ల కీమో ఎక్కించుకుని, జబ్బు తెలిసిన పదమూడు నెలలకు పోయారు. నేను పోగొట్టిన ఆరు నెలలను ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆయన భార్య ఇప్పటికీ ఏటా సంక్రాంతి వెళ్లాక ఒకసారి ఎక్స్‌రేకు వస్తారు. పంతొమ్మిదేళ్లు ఆ పొడి బట్టలు దులిపి ఉతికింది ఆమే. ఆమె కేస్ షీటులో వృత్తి అన్న గడిలో మా సిబ్బంది "గృహిణి" అని రాశారు. దాని పక్కన "రేకుల పొడి, పంతొమ్మిదేళ్లు" అని నేను చేర్చాను. పోయినసారి ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. వచ్చే వారం మళ్లీ వస్తారు.